తిండి మానిన బంగారుతీగల కోసం గిద్దలూరు దాకా

డిసెంబరు, మూడో ఆదివారం. తెల్లవారేలోగా అయిన పనులు: వాకిలి, పాలు, అంట్లు, వంట, అత్తయ్యకు వేడినీళ్లు. మిగిలింది చేపల సంగతి తేల్చడం.

పెద్దారవీడు దగ్గర మా చేలో ఈ ఏడే కుంట తవ్వించి బంగారుతీగ చేపపిల్లల్ని వదిలాం. చలి మొదలయ్యాక అవి తిండి మానేసి అడుగున పడుకున్నాయి. ఇంట్లో ఎవరైనా అన్నం వద్దంటే ఇంకో ముద్ద కలిపి పెట్టే అలవాటు నాది. అలాగే రోజూ పొద్దు పొడవకముందే రెండింతలు తవుడు చల్లాను. అదంతా అలాగే మిగిలిపోయింది. అత్తయ్య ఉప్పు, మిరపకాయలతో కుంటకు దిష్టి తీసింది. మా ఆయన మాత్రం ఇది రోగమేనని తేల్చి, చేపలన్నీ సగం ధరకే ఇస్తానని వ్యాపారికి మాటిచ్చారు. సోమవారం పొద్దున వల వేస్తారు.

“ఒక్క రోజు ఆగండి. గిద్దలూరు పోయి సునీతను అడిగొస్తా” అని శనివారం రాత్రే అన్నాను. సునీత మా అన్న కూతురు. అక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది.

“పోయిరా. అవి మళ్లా తింటే వారం రోజులు అంట్లు నేనే తోమతా” అని మా ఆయన నవ్వారు.

“నేను విన్నా నాయనా, మాట తప్పాకు” అంది అత్తయ్య.

మార్కాపురంలో ఆరింటికి బస్సెక్కితే కంభం మీదుగా గిద్దలూరుకు రెండు గంటలు. చార్జీ యాభై రూపాయల లోపే. కంభంలో టీ తాగేంతసేపు ఆపుతారు. కిటికీ పక్కన కూర్చునేవాళ్లు శాలువా మరవకండి. గిద్దలూరులో ఆటో డ్రైవరు నా చేతిలోని సీసాలో బురద నీళ్లు చూసి, “ఏందక్కా, కాశీ నుంచి వస్తాండావా?” అన్నాడు.

“కాదయ్యా, మా కుంట నుంచి.”

“అయితే తీర్థం నాకొద్దులే” అంటూ పది రూపాయలు తీసుకున్నాడు.

సునీత కుంట నీళ్లు వాసన చూసి, నీళ్లు పరీక్షించే కాగితం ముంచి చూసి, “నీళ్లల్లో తేడా ఏం లేదత్తా. చేపల ఒంటి మీద మచ్చలు, పుండ్లు ఉన్నాయా?” అంది. లేవన్నాను. వంటింటి కిటికీలో పెట్టిన రెండు నూనె సీసాలు తెచ్చి వంచింది. చలికి కొబ్బరినూనె పేరుకుపోయింది. వేరుశనగ నూనె మాత్రం జారుతూనే ఉంది.

“మెదడు కణాల పొరల్లో కొవ్వు ఉంటాదత్తా. చలికి అది ఈ కొబ్బరినూనె మాదిరి గట్టిపడితే మెదడు పని చెయ్యదు. అందుకని చలి ముదిరేకొద్దీ చేప ఆ కొవ్వును మెల్లమెల్లగా వేరుశనగ నూనె మాదిరి మార్చుకుంటాది. కబుర్లు మోసే రసాయనాలుంటాయే, డోపమైన్, సెరటోనిన్ అని, వాటి పాళ్లు కూడా మారతాయి. ఆకలి తగ్గిపోతాది. అంతేగానీ అది రోగం కాదు.”

“మరి నేను తెల్లవారుజామున...”

“చల్లటి నీళ్లల్లో నిద్రపోయేవాటికి టిఫిను పెడతాండావు! మిగిలిన తవుడు కుళ్లితే అప్పుడొస్తాది రోగం. ఎండ కాసినాక పిడికెడు వేసి చూడు.”

పదిన్నర బస్సుకు తిరిగి బయలుదేరి, మార్కాపురంలో ఆటో మారి, రెండింటికల్లా గట్టు మీదికి చేరాను. అత్తయ్య, మా ఆయన వచ్చి నిలబడ్డారు. పైనీళ్లు వెచ్చబడ్డాయి. ఒక్క పిడికెడు చల్లాను. కాసేపు ఏమీ కదల్లేదు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. అంతలో నీళ్ల మీద ఒక సుడి, దాని పక్కన ఇంకొకటి. ఇత్తడి రంగు మూతులు తెరుచుకున్నాయి, తవుడంతా మా కళ్ల ముందే మాయమైంది.

“చూడరా, తింటాండాయి!” అని అత్తయ్య చప్పట్లు కొట్టింది. మా ఆయన అక్కడే ఫోన్ తీసి, రేపు వల వద్దని వ్యాపారికి చెప్పేశారు.

ఇది రాస్తున్నది వారం తర్వాత. తినని ప్రాణిని చూస్తే నాకు కంగారు. కాలం మారిందని ఆ చేపల మెదళ్లు గుర్తుపట్టి, తమను తాము సర్దుకుంటున్నాయి. నేనేమో మా ఇంటి వేళల ప్రకారం వాటికి వడ్డించాను. ఇప్పుడు మధ్యాహ్నం పిడికెడే, అదీ అవి పైకొచ్చి అడిగితేనే. ఇలాంటి పని మీద బయలుదేరేవాళ్లు కుంట నీళ్లు సీసాలో పట్టుకుపోండి. ఎదుటివాళ్లకు మీ మాట సగం అక్కడే అర్థమవుతుంది.

ఈ పొద్దు అంట్లు: మా ఆయన. ఏడో రోజు. బాకీ చెల్లు.