మారేడుకి బదులు కోసిన మూడాకులు

ముప్ఫయ్యేళ్ళుగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, చివరిదాకా విన్నవాళ్ళు లేరు. పండగ భోజనాల దగ్గర మొదలుపెడితే ఎవరో ఒకరు పెరుగు గిన్నె నా వైపు జరిపి మాట మారుస్తారు. అందుకే రాస్తున్నాను.

పాత చెక్కపెట్టెలకు మెరుగు పట్టించి బాగుచేయడం నా వృత్తి. ఈ ఉదయం బల్ల మీద ఒక సీసా మూత తీశాను. అందులో ఉన్నది జపాన్‌లో చెట్టుకు గాట్లు పెట్టి తీసిన సొన. మన కొయ్యబొమ్మల మీది లక్క పురుగులు పెట్టేది, ఇది చెట్టు కార్చేది. మీగడ రంగులో ఉండి, గాలి తగిలితే గోధుమరంగుకి తిరిగి, చివరికి నల్లబడుతుంది. తడిగాలిలోనే గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడితే నీళ్ళకీ వేడికీ చెక్కుచెదరదు. పచ్చిగా ఉన్నంతకాలం మాత్రం ఒంటికి తగిలితే ఒకటి రెండు రోజులకి బొబ్బలు లేస్తాయి. పులిసినట్టుండే ఆ వాసన తగలగానే, చేతికి గ్లవ్స్ ఉన్నా సరే, సీసాని దూరంగా జరుపుతాను. మామిడి, జీడిమామిడి, ఈ సొన చెట్టు, అమెరికా అడవుల్లో పాకే పాయిజన్ ఐవీ, అన్నీ ఒకే కుటుంబం. ఆ చివరిదానితో నాకు తొమ్మిదేళ్ళప్పుడే పరిచయం.

అప్పుడు మేము అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. టౌన్‌హౌస్‌ల వెనక అడవి మొదలయ్యేది. ఆగస్టు చివర్లో కీచురాళ్ళ రొద, కాళ్ళ కింద జారే పైన్ ఆకులు, మేము బంతుల్లా విసురుకునే ముళ్ళకాయలు, వాన వెలిశాక మట్టిలోంచి లేచే ఆవిరి. శ్రీకాకుళం నుంచి ఆరునెలలకని వచ్చిన మా నానమ్మ ఇడ్లీ కుక్కర్‌లో ఉండ్రాళ్ళు ఉడికిస్తే కొబ్బరి, ఏలకుల వాసన కార్పెట్‌కి కూడా పట్టేసేది. వినాయక చవితికి ఇరవయ్యొక్క రకాల పత్రి కావాలని, తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని అడవిలోకి నడిచింది. చెట్టు మొదలుకి పాకిన తీగ చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. కాడకి మూడేసి ఆకులు, నిగనిగలాడుతూ.

"మారేడు కాదుగానీ, మూడాకులుంది గదా, సాల్లే."

"నానమ్మా, వద్దు. స్కూల్లో పిక్చర్ చూపించారు. పాయిజన్."

ఆమె ఒక ఆకు తుంచి అరచేతిలో నలిపింది. "నాను పలాసలో జీడిపిక్కలు కొట్టిన సేతుల్రా ఇవి. జీడయితే సుర్రుమంటాది. ఏటీ అవ్వలేదు, సూడు."

కోసింది. నేను ఒక్క ఆకూ ముట్టుకోలేదు. సంచీ మాత్రం మోశాను, అదే నా నేరం.

పూజ శేషు అంకుల్ వాళ్ళింట్లో. మా వీధి పండగలన్నీ ఆయన చేతుల మీదుగానే. మర్నాడు సాయంత్రం ప్లాస్టిక్ టబ్‌లో నిమజ్జనం అయ్యాక, వాడిన పత్రినంతా ఒక చెత్త సంచీలోకి ఎత్తి, పెరట్లో ఇనప తొట్టెలో చితుకులు అంటించారు. అప్పుడే నానమ్మ నన్ను పక్కకు లాగి తన చీర చెంగు చూపించింది. ఆకులు పట్టిన చోటల్లా నల్లని మచ్చలు. ఉతికినా పోలేదట. ఆమె గొంతు మారిపోయింది.

"ఇది జీడి మరకేరా బాబూ. పలాసలో బట్టీ పొగకి కళ్ళు పోయినోల్ని సూశాను. పరిగెట్టు, ఆపు ఆయన్ని."

పరిగెత్తాను. ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాను.

"అంకుల్, బర్న్ చేయకండి! పొగ లోపలికి వెళ్తుంది!"

"ఏరా సైంటిస్టూ, దేవుడి ఆకులు కూడా పాయిజనేనా? ఫైర్ దగ్గర ఆడకు, ఫో!"

అందరూ నవ్వుకుంటూ ప్రసాదానికి లోపలికి నడిచారు. ఆయన సంచీ వంచారు. పొగ పచ్చగా, బరువుగా లేచి, గాలికి వంగి, మూడేళ్ళ మా చెల్లి చిన్ని నిలబడ్డ వైపు పోయింది. నేను చేరేసరికి అది కళ్ళు నలుపుకుంటూ దగ్గుతోంది.

మర్నాడు ఉదయానికి దాని ముఖం ఉబ్బి కనురెప్పలు అతుక్కుపోయాయి. "అన్నా, ఐస్ ఓపెన్ అవ్వట్లేదు" అంది. మధ్యాహ్నానికి ప్రతి ఊపిరికీ గొంతులో ఈల మోగింది. హాస్పిటల్లో దాని ముక్కు మీద మాస్క్ పెట్టారు. నేను కుర్చీ కింద దూరి, ఈల ఆగితే మంచిదో చెడ్డదో తెలియక, ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. ఎవరైనా ఆకులు కాల్చారా అని డాక్టర్ అడిగింది. నాన్న, మా వెంట వచ్చిన శేషు అంకుల్ వైపు చూశారు. ఆయన నా వైపు చూపించారు.

"వీడేనండీ. కోసుకొచ్చిందీ వీడే, నేను చూడకుండా మంటలో పడేసిందీ వీడే. పిల్లాడు, తెలియక చేశాడు."

నానమ్మ కాదంది. ఆమె తెలుగు డాక్టర్‌కి తెలియదు, ఆమె మాట నాన్న పట్టించుకోలేదు. చిన్ని నాలుగు రోజులకి కోలుకుంది. నానమ్మ నెల తిరక్కుండా వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. "పోనీలేరా, పెద్దాయన" అని నాన్న ఆనాటి నుంచీ అంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ అడవి లేదు, ఇళ్ళు కట్టేశారు. కీచురాళ్ళు లేవు. పత్రి స్టోర్‌లో ప్లాస్టిక్ ప్యాకెట్‌లో దొరుకుతోంది, పిల్లలకి ఏ ఆకు ఏదో తెలియదు. మా చెల్లి మాత్రం ప్రతి చవితికీ కొత్తవాళ్ళకి నన్ను చూపించి "మా అన్నయ్య చిన్నప్పుడు నన్ను ఆల్మోస్ట్ చంపేశాడు" అని నవ్వుతుంది. పక్కనే కూర్చున్న శేషు అంకుల్ ఉండ్రాయి నములుతూ తలూపుతారు. నేను నిజం చెబితే, ఇన్నేళ్ళకి సాకు వెతుక్కున్నానంటుంది అది.

శేషు అంకుల్, మీకు తెలుగు చదవడం వచ్చు. వచ్చే చవితికి మీ నోటితో, మా చెల్లి వినేలా చెప్పండి: ఆ సంచీ వంచింది ఎవరు?