దీపం నిండుగా ఉందమ్మా

మా ఎదురింటి బాబాయిగారు పోయారు. పోయిన బుధవారం సాయంత్రం అయిదు కావస్తుండగా, భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర వాచ్‌మన్ భార్య నన్ను ఆపి, "మీ ఎదురు ఫ్లాట్ సారు పోయారండీ. డాక్టరు గారు ఇప్పుడే చూసెళ్ళారు" అంది. నా చేతిలో కొత్త కళ్ళజోడు డబ్బా ఉంది. దాన్నేం చెయ్యాలో తోచక ఆవిడ చేతిలో పెట్టి పైకి పరిగెత్తాను.

హాల్లో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. చుట్టూ పది మంది దాకా ఉన్నారు. వాళ్ళ వెనక గోడకి టీవీ వెలుగుతూనే ఉంది. ఎవరో శబ్దం తగ్గించారు గానీ, ఎలా ఆపాలో ఎవరికీ తెలిసినట్టు లేదు. తెర మీద రెయిన్‌కోటు వేసుకున్న మనిషి బొమ్మ ఒకటి, ఒక చిన్న దీపం పక్కన మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. నేను గుమ్మంలో ఉండగానే అది మెల్లిగా తల తిప్పి నా వైపు చూసింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. పేరున్న మనిషి కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. నాకు బాబాయి అన్నది చుట్టరికం కాదు, పన్నెండేళ్ళు ఎదురెదురు గుమ్మాల్లో ఉండగా కలిసిన వరస. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా ఇద్దరికీ స్నేహం కలిపింది ఒక వీడియో గేమ్ అంటే నవ్వుతారేమో. నవ్వండి, ఆయనే ముందు నవ్వారు.

నలభై దాటిన లెక్చరరమ్మకి ఈ పిచ్చేమిటని మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న మాటే. పైగా మధ్యాహ్నం పూట మా టీవీ మా అత్తగారి సీరియళ్ళకి రాసిచ్చేసినట్టు. అందుకని ఆట పెట్టె చంకన పెట్టుకుని ఎదురింటికి చేరేదాన్ని. పిన్నిగారు లోపల కునుకు తీసేవారు. బాబాయిగారు పేపరు అడ్డం పెట్టుకుని నా పాట్లు చూసేవారు.

ఆ ఆట పెద్ద కంపెనీ చేసింది కాదు. ముగ్గురో నలుగురో కూర్చుని తయారుచేసుకున్నది. ఎవరూ లేని ఒక కరెంటు ప్లాంటు, సగం నీళ్ళలో మునిగి ఉంటుంది. రెయిన్‌కోటు మనిషి చేతిలో ఒక ఇనప రెంచి. ఆవిరి లేచిన చోటల్లా నీడలు పుట్టి మీద పడతాయి. వాడికి ఒక్కటే ప్రాణం, ఒక్క దెబ్బ చాలు. రంగులన్నీ నలుపూ తుప్పూ. పాట లేదు, ఒక హోరు మాత్రం ఆగకుండా వినిపిస్తూ ఉంటుంది. అక్కడక్కడా దీపం ఉన్న గది వస్తుంది. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ నీడలు లోపలికి రావు. కానీ అది పది నిమిషాలు కూడా నిలవదు, మీట నొక్కి గాలి కొడుతూ ఉండాలి. చాలా ఆటలు ఆడాను గానీ, పట్టపగలు ఎండ కాస్తుంటే కూడా వెనక్కి తిరిగి చూసుకునేలా చేసింది ఇదొక్కటే.

ఒక గదిలో నేను వరసగా రెండు వారాలు చచ్చాను. చావడంలో నన్ను కొట్టినవాళ్ళు లేరు. ఒకరోజు పేపరు వెనక నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆ గోడ మీద గేజీ చూడవేం? సూది లేస్తోంది."

"అది ఉత్త బొమ్మండీ."

"బొమ్మయితే ఎందుకు కదులుతుందే? అది ఎర్రగీత దాటగానే నీమీద పడుతున్నారు వాళ్ళు."

నిజమే. గోడ మీద అణా కాసంత గేజీ. దెబ్బ ఎప్పుడు పడబోతోందో అదే చెబుతోంది. నేను శత్రువుల్ని చూస్తూ చచ్చాను. ఆయన సూదిని చూసి, కంట్రోలరు ముట్టుకోకుండానే గెలిచారు. ఆ మర్నాటి నుంచి పేపరు మడిచి పక్కన పెట్టేశారు. నా ఆట పెట్టె కూడా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఆ హోరు కూడా సరిగ్గా ప్లాంటు హోరే అని, చేసినవాళ్ళెవరో ఒక్కరోజైనా డ్యూటీ చేసుంటారని తేల్చేశారు. పిన్నిగారు లేచి వచ్చి, "ముప్పై ఏళ్ళు ఆ హోరులో ఉండొచ్చింది చాల్లేదు కాబోలు" అని మూతి తిప్పుకునేవారు.

ఆయనకొక అలవాటుండేది. ఆడేముందు టీవీ తెర మీద గోటితో రెండుసార్లు తట్టేవారు. టీవీ ఒక్కటే కాదు, గోడ గడియారం, గ్యాసు సిలిండరు, కరెంటు మీటరు, ఏదైనా సరే రెండుసార్లు. అదేమిటని అడిగితే, "సూది ఊరికే నిజం చెప్పదమ్మా. తట్టి అడగాలి" అన్నారు. మా అబ్బాయి టెన్త్ మార్కులు చూపించడానికి తీసుకెళితే వాడి నెత్తి మీద కూడా తట్టారు.

ఆయన వేళ్ళు నా అంత చురుగ్గా కదిలేవి కావు. అందుకని ఇద్దరం వంతులేసుకుని ఆడేవాళ్ళం. దాన్ని ఆయన షిఫ్టు అనేవారు. తర్వాతి షిఫ్టుకి వచ్చి సీటు తీసుకునేవాడు రిలీవరట. నేను రాగానే కంట్రోలరు ఇచ్చేసేవారు కాదు. ముందు ఛార్జ్ ఇచ్చేవారు, అంటే ఎక్కడేముందో చెప్పి అప్పజెప్పేవారు.

"రెండో పంపు దగ్గర నేల జారుతుంది. ఎడమవైపు వాడు రెండుసార్లు కొడతాడు. కింది గేజీ నమ్మకు." ఇలా చెడ్డవన్నీ వరసగా అయ్యాక, చిట్టచివర, "దీపం నిండుగా ఉందమ్మా" అనేవారు. నేను "ఛార్జ్ తీసుకున్నానండీ" అంటేనే సీటులోంచి లేచేవారు. ముందు చెడ్డది చెప్పాలి, మంచిది వచ్చినవాడే చూసుకుంటాడని ఆయన పద్ధతి. కాలేజీలో నేను కూడా అదే పాటించి చూశాను. ప్రిన్సిపాలు గారికి అంత నచ్చలేదు.

ఆ బొమ్మ తల తిప్పడం గురించి కూడా ఆయనకొక మాట ఉంది. మనం ఏమీ నొక్కకుండా ఊరుకుంటే, కాసేపటికి వాడు వెనక్కి తిరిగి చూస్తాడు. మనం కూర్చున్న వైపే వాడి గదికి తలుపు ఉన్నట్టు లెక్క. అందుకని సరిగ్గా మన మొహంలోకి చూసినట్టుంటుంది. నాకు ఒళ్ళు జలదరించేది. "భయపెట్టడానికి పెట్టారండీ" అన్నాను.

"భయమా పాడా! రిలీవర్ కోసం చూస్తున్నాడమ్మా" అన్నారు ఆయన.

ఆ రోజే చెప్పారు, ఇబ్రహీంపట్నం రాకముందు సంగతి. కుర్రతనంలో ఎక్కడో కాలవ గట్టు మీద చిన్న పంపుహౌసులో పని. రెండింటికి రావలసిన రిలీవరు ఇంకా రాలేదు. బస్సు వెళ్ళిపోతుందని ఈయన పది నిమిషాలు ముందే దిగి వెళ్ళిపోయారు. ఏ ప్రమాదమూ జరగలేదు. మర్నాడు వచ్చి రీడింగుల పుస్తకం తీస్తే, ఆ పది నిమిషాల్లో వెయ్యాల్సిన రీడింగులు వేసి ఉన్నాయి.

"ఆయన ముందే వచ్చుంటాడు కదండీ" అన్నాను.

"అడిగాను. నువ్వే రాశావనుకున్నా అన్నాడు. నా రాత కాదు. వాడిదీ కాదు. పంపుహౌసులో మేమిద్దరమే." తెర వైపు చూపించి, "సీటు ఖాళీగా వదిలితే ఎవరో ఒకరు కూర్చుంటారమ్మా. మనవాడే కూర్చోవాలని ఏముంది?" అన్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో రిలీవరు రాకుండా ఆయన సీటు దిగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. నేను మాత్రం నవ్వేశాను.

ఇక ఆ బుధవారం. మాకు చివరి అంతస్తు మిగిలింది. మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు, నాలుగైదు గంటలు ఏకబిగిన ఆడాలి. భోజనమయ్యాక ఒంటిగంటకి ఆయన మొదలుపెట్టాలనీ, రెండున్నరకి నేను అందుకోవాలనీ అనుకున్నాం. కాలేజీలో మీటింగ్ మూడింటిదాకా సాగింది. అది నా తప్పు కాదు. అక్కడి నుంచి తిన్నగా ఇంటికి రాకుండా, గవర్నర్‌పేటలో కళ్ళజోడు తయారైందంటే ఆటో అటు తిప్పించాను. అది నా తప్పే. ఒక ఫోనైనా చెయ్యలేదు. ఆటే కదా, ఆగుతుందిలే అనుకున్నాను.

మూడింటికి ఆయన గుండెల్లో పట్టేసినట్టుందన్నారట. పిన్నిగారు లేచి పడుకోమన్నారు. "అమ్మాయి రానీ. ఛార్జ్ ఇచ్చేసి పడుకుంటా" అన్నారట. ఈవిడ వాము నీళ్ళు కాచి తెచ్చేసరికి వెనక్కి వాలి ఉన్నారు. కునుకు పట్టిందనుకుని ఫ్యాను తగ్గించి, గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళారు. నాలుగున్నరకి టీకి లేపితే లేవలేదు. ప్రాణం పోయి గంట దాటిందని డాక్టరు గారన్నారు. నేను వేళకి వచ్చినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదని కూడా అన్నారు. అది డాక్టరు గారి మంచితనం. నేను రెండున్నరకి వచ్చుంటే బాబాయిగారు మంచం మీద పడుకుని ఉండేవారు. అంతవరకు నాకు తెలుసు.

ఇదంతా పిన్నిగారు ఏడుస్తూ చెబుతుంటే వింటున్నాను. వింటూనే తెర వైపు చూశాను. అప్పుడు గానీ నాకు తట్టలేదు. పది నిమిషాలు నిలవని దీపం. గంటన్నర దాటింది. అది నిండుగా వెలుగుతోంది.

"పిన్నిగారూ, ఆ మీట ఎవరైనా నొక్కారా?"

"ఆ రిమోటు నాకేం తెలుసమ్మా? ఆయన చేతిలోంచి తీసి కుర్చీలో పెట్టారంతే. ఎవరూ ముట్టుకోలేదు."

గుమ్మంలోకి ఎవరో చుట్టాలు వచ్చారు. బొమ్మ తల తిప్పి వాళ్ళని చూసింది. మళ్ళీ ముందుకి తిరిగింది. ఇంకెవరో వచ్చారు. మళ్ళీ చూసింది. ఒక పెద్దాయన విసుక్కుని, "ఎవరన్నా ఆ టీవీ తీసెయ్యండర్రా, శవం ఉన్న ఇంట్లో" అన్నారు. ఒకతను ప్లగ్గు వైపు వంగాడు.

"వద్దండీ!" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఏం చెప్పాలి వాళ్ళకి? ఆ సీటులో ఉన్నది ఆయనే అయితే ఇంకా ఎదురుచూస్తున్నారు. ఆయన కాకపోతే... ఆ మాట పూర్తిగా అనుకోలేకపోయాను.

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని నన్ను చూశారు, తెరని చూశారు. "తీసుకోమ్మా" అన్నారు. "ఆయన ఇంక పడుకోవాలి."

కుర్చీలోంచి కంట్రోలరు తీసి కూర్చున్నాను. కుర్చీ చల్లగా ఉంది, కంట్రోలరు మాత్రం వెచ్చగా ఉంది. లేచి వెళ్ళి తెర మీద గోటితో రెండుసార్లు తట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. బొమ్మ తల తిప్పి నన్నే చూస్తోంది.

"ఆలస్యమైంది, క్షమించండి బాబాయిగారూ. ఛార్జ్ తీసుకున్నానండీ" అన్నాను.

బొమ్మ ముందుకి తిరిగింది. అంతసేపూ నిండుగా ఉన్న దీపం, మామూలుగా తగ్గాల్సినట్టే, కొద్దికొద్దిగా తగ్గడం మొదలుపెట్టింది.