ఫార్మలిన్ పోసిన వేళ

దలెందక్క ఒట్టి భయస్థురాలు. లిఫ్టు ఎక్కదు, బల్లిని చూస్తే మాత్రం బల్ల ఎక్కేస్తుంది. స్ఫాక్స్ ఊళ్లో మా ఆసుపత్రి ల్యాబులో, ఆపరేషన్ గది నుంచి వచ్చే కణుతులను పాడవకుండా ఫార్మలిన్‌లో వెయ్యడం పాతికేళ్లుగా ఆమె పని. పక్క బల్ల నాది. ఆమెను ఏడిపించకపోతే నాకు పొద్దుపోదు.

కోసి తీసినంత మాత్రాన కణుతిలోని కణాలు వెంటనే చావవు. ఒక్కో కణం తన లోపలి పోగులను రెండింతలు చేసుకుని, నడిమికి చేర్చి, చెరో పక్కకు లాగి, రెండుగా విడిపోతుంది. ఆ విడిపోవడం గంటసేపటి పని. ఫార్మలిన్ పడితే ఏది ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. అలా విడిపోతూ దొరికినవాటిని డాక్టర్ లెక్కపెడుతుంది. ఎక్కువుంటే జబ్బు జోరు మీదున్నట్టే, కీమో తప్పదు. ఫార్మలిన్ ఆలస్యమైతే కొన్ని పని ముగించేసుకుంటాయి, కొన్ని గుర్తుపట్టలేనట్టు ముడుచుకుపోతాయి. లెక్క తగ్గిపోతుంది.

ఆ రంజాను సాయంత్రం సరిగ్గా ఉపవాసం విడిచే ఫిరంగి మోగే వేళకు నజీహా అనే ఆవిడ రొమ్ముకణుతి వచ్చింది. ఒక్క ఖర్జూరం నోట్లో వేసుకొస్తానని వెళ్లిన అక్క, చోర్బా సూపు గిన్నె ముందు కూర్చుని కబుర్లలో పడింది. గుర్తొచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. భయపడి, కాగితం మీద ఫార్మలిన్ పోసిన టైము దగ్గర కణుతి వచ్చిన టైమే రాసేసింది.

నాలుగోరోజు డాక్టర్ సిహెమ్ మైక్రోస్కోపు నుంచి తలెత్తింది. "విడిపోతున్నవి మూడే ఉన్నాయి. ఈవిడ గట్టెక్కింది, కీమో అక్కర్లేదు."

రిపోర్టు వెళ్లిపోయింది. అక్క నన్ను బయటికి లాక్కెళ్లింది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పేసింది.

"నోరు మూసుకో అక్కా. పెన్షన్‌కి ఏడాదే ఉంది. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అవును, అన్నది నేనే.

"ఆవిడ ఒంట్లో మిగిలిన కణాలు ఊరుకుంటాయేంటే?" అంది.

ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన చిన్న ముక్క మైనంలో భద్రంగా ఉంది. దాన్ని తీసిన క్షణమే ఫార్మలిన్‌లో వేశారు. మర్నాడు అక్క దాన్ని పలచగా కోసి, రంగు వేసింది. మైక్రోస్కోపు కింద గాజుపలక నేను సర్దాను. లెక్కపెట్టడం మా పని కాదు, అయినా పెట్టాం. ఒకచోట పోగులు వరసగా నిలబడ్డాయి, పక్కనే విడిపోతున్నాయి. అప్పటికే పంతొమ్మిది అయ్యాయి. ఇంకా సగం చూడాలి.

అక్క పలక పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. "దొంగ టైము రాశాను డాక్టరమ్మా. రెండున్నర గంటలు బల్ల మీదే వదిలేశాను."

డాక్టర్ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. "మీ సంగతి పైవాళ్లు చూస్తారు. ముందు ఆవిణ్ని రప్పించండి."

అక్కే ఫోన్ చేసింది. "నజీహాగారేనా? ల్యాబు నుంచమ్మా. రేపొకసారి రావాలి."

"వస్తా, వస్తా. మీ అందరికోసమే మక్రూద్ మిఠాయిలు వేయిస్తున్నా. ప్రాణం పోసిన వాళ్ల దగ్గరికి వట్టి చేతుల్తో ఎలా వస్తాను? ఎంతమంది ఉంటారేంటి?"

అక్క గోడకు ఆనుకుంది.

"పొయ్యి కట్టేసి కూర్చోండమ్మా," అంది. "పక్కన ఎవరైనా ఉన్నారా?"