పన్నెండు ఎం.ఎం. చెక్క

మా అత్తగారిని కాకినాడలో మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆవిడతో పాటు తొమ్మిది గోనెసంచుల పుస్తకాలు వచ్చాయి. మొగల్తూరు బడిలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. దిండ్లు ఆనించి కూర్చోబెడితే కుడిచెయ్యి మాత్రం బాగా ఆడుతుంది.

“చెయ్యి చాపితే పుస్తకం అందాలమ్మా. ఇంకేం వద్దు నాకు,” అన్నారు.

మావారు సముద్రంలో గ్యాస్ రిగ్గు మీద పనిచేస్తారు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. ఆయన డ్రిల్లు ఉంది కదా అని, మంచం పైన గోడకి పుస్తకాల అర నేనే బిగిస్తానన్నాను.

ప్లైవుడ్ కొట్లో పెద్దాయన అడిగారు. “పొడుగెంతండి?”

“నాలుగడుగులండి.”

“మధ్యలో ఆనిక లేకుండానా? పద్దెనిమిది ఎం.ఎం. మందం పట్టుకెళ్ళండమ్మా. పన్నెండైతే పుస్తకాల బరువుకి వంగిపోద్ది.”

రెండు ముక్కలూ ఎత్తి చూశాను. పద్దెనిమిది చాలా బరువుంది. అద్దింటి గోడ. ఆ బరువుకి స్క్రూలు ఊడొచ్చి ఆవిడ మీద పడితే? పక్కకి జరగలేని మనిషి. ఆ భయంతోనే పన్నెండు తీసుకున్నాను.

అర బిగించి పుస్తకాలు సర్దిన రోజు ఆవిడ ఒక్కొక్క అట్టనీ వేలితో తడిమి చూసుకున్నారు.

మూడో వారంలో నా కంటికి తేడా తెలిసింది. ఆవిడ నిద్రపోతుండగా ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి చూస్తే, మధ్యలో చెక్క వేలి మందాన కిందికి దిగి ఉంది. వానలు మొదలయ్యాయి, గాలంతా తేమ. తీసేద్దామంటే ఆవిడ ముఖం గుర్తొచ్చేది. మావారు రాగానే మార్పిద్దాంలే అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. స్కూల్లో పాఠం చెబుతున్నా ధ్యాసంతా ఆ చెక్క మీదే.

ఒకరోజు ఇంటర్వెల్లో ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పర్మిషన్ అడిగి ఆటో ఎక్కాను. తాళం తీసి నేరుగా ఆవిడ గదిలోకి పరిగెత్తాను.

మంచం నిండా పుస్తకాలు. వాటి మధ్య ఆవిడ, చెమటతో తడిసిపోయి, ఇంకో పుస్తకం కిందికి దించుతున్నారు. ఫోన్ ఆ కుప్ప కింద ఎక్కడో మోగిందట, అందలేదట.

“ఏంటండీ ఇది అత్తయ్యగారూ?”

“చెక్క వంగుతోందే. వారం నుంచీ చూస్తున్నాను. నీ చేత్తో బిగించావు కదా, చెబితే నొచ్చుకుంటావని...”

నేను మంచం అంచున కూలబడ్డాను. “నేనూ చూశానండీ. మీరు బాధపడతారని చెప్పలేదు.”

ఆవిడ చేతిలో పుస్తకం పక్కన పెట్టారు. “బాగానే ఉన్నాం ఇద్దరం. ఇక నువ్వేం దాచకు, నేనూ దాచను.”

ఆ సాయంత్రమే పద్దెనిమిది ఎం.ఎం. తెచ్చాను. ఈసారి గోడకి వేలాడదీయలేదు. ఆవిడ కుడిచేతి పక్కన నేల మీదే నిలబెట్టి, రెండడుగులకొక నిలువు చెక్క ఇచ్చాను. రెండేళ్ళయింది, ఎక్కడా వంగలేదు.

మొన్న పొద్దున్న అన్నం గొంతు దిగడం లేదని ఆవిడే చెప్పారు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రిపోర్టు రేపు వస్తుంది.