గడప దాటొచ్చే బంతి

ఆ రోజుల్లో నన్ను నేను ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ అనుకునేవాణ్ణి. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే నాకే అర్థం కాదు. కొత్త సర్కారు ఉద్యోగంతో యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, కోసపాళయంలో మేడమీద గది అద్దెకు తీసుకున్న కుర్రాడికి ధైర్యం తప్ప వేరే ఆస్తి ఏముంటుంది? (ఒక బ్యాట్ ఉండేది. మొదటి జీతంతో కొన్నాను. అమ్మకు చీర రెండో జీతంతో కొన్నాను. ఆ వరస ఆవిడ ఇప్పటికీ మరచిపోలేదు.) ఆఫీసు జట్టులో నా స్థానానికి పోటీ లేదు, ఎందుకంటే కొత్త బంతికి ఎదురు నిలబడతానని చెయ్యెత్తినవాణ్ణి నేనొక్కణ్ణే. నా ఆట గురించి వీధిలో నేనే చెప్పుకునేవాణ్ణి కనుక, క్రికెట్ అంటే యానాం సారునే అడగాలని అక్కడ ఒక పేరు పడిపోయింది.

మా మేడ పక్క సందు చివర, సందు మొత్తాన్ని ఎదురుగా చూస్తూ ఒక పొడుగాటి ఇల్లు ఉండేది. తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు. ఇంటాయన టౌన్ బస్సు డ్రైవరు, నాకు బస్సు మామ. ఆయన తల్లి వీధికంతటికీ అవ్వ. తల్లి లేని మనవరాలిని ఆవిడే పెంచింది. ఆ పిల్లను అందరూ పొడుగుపాప అనేవారు. ప్లస్ టూ అయిపోయి ఇంట్లో ఉంది, క్రికెట్ పిచ్చి. ఆఫీసు మ్యాచ్ దగ్గర పడి నాకు ప్రాక్టీసు కావాల్సి వచ్చినప్పుడు, "పాపతో బాల్ వేయించుకో నాయనా, దానికీ పొద్దు పోతాది" అంది అవ్వ. నేను పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. "కంగారు పడకమ్మా, మెల్లిగానే కొడతానులే" అని పాపకు అభయం కూడా ఇచ్చాను.

మర్నాడు ఉదయం ఆఫీసు కిట్‌లోని పాత లెదర్ బంతి పాపకిచ్చి, సందు మొదట్లో స్టంపులు పాతిన ఇసుక డబ్బా ముందు నిలబడ్డాను. ఎదురుగా బౌలర్ లేదు. ఇల్లు మాత్రం ఉంది. సంగతేమిటంటే, ఆ సందు పొడవు పిచ్‌కే సరిపోయేది. నా వెనక మెయిన్ రోడ్డు, అటు వాళ్ల ఇల్లు. పరుగెత్తి రావడానికి చోటు లేక పాప తన పరుగును పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర మొదలుపెట్టేది. వంటింట్లోంచి, నడవలోంచి వచ్చి, ఎత్తైన గడప మీదుగా ఒక ఎగురు, వాకిట్లో అవ్వ వేసిన ముగ్గు (వాళ్లు కోలం అంటారు) మీదుగా ఇంకో ఎగురు, అప్పుడు బంతి. కోలం తొక్కితే ఆ రోజుకి ఆట బంద్, అది అవ్వ పెట్టిన చట్టం. బ్యాట్స్‌మన్‌కు వీటిలో ఏదీ కనబడదు. చీకటి తలుపు కనిపిస్తుంది. లోపల ఎక్కడో బిందె చప్పుడు అవుతుంది. కర్టెన్ కదులుతుంది. ఆ కర్టెన్ వైపు చూస్తూ ఉండగానే నా వెనక స్టంపు లేచి మెయిన్ రోడ్డు మీద పడింది.

"యానామన్నా, మెల్లిగానే వేసినాను" అంది పాప, నొచ్చుకుంటూ.

ఎండ కంట్లో పడిందన్నాను. (ఎండ నా వెనక ఉంది.) నెల రోజులు ఆడినా ఒక్క బంతి కూడా నా బ్యాట్‌కు తగల్లేదు. మొదట్లో సిగ్గేసింది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత నాకు తెలియకుండానే ఆ పిల్ల అంటే ఒక గౌరవం మొదలైంది. పుదుచ్చేరి జట్టుకు ఆడపిల్లల ఎంపిక జరుగుతోందని ఆఫీసులో విని, నేనే వెళ్లి బస్సు మామకు చెప్పాను. ఆయన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"ఈ ఒక్కతూరి పోయి రానీ. సెలెక్ట్ కాకపోతే ఇంక బాల్ మాట ఎత్తకూడదు. మందుల షాపులో పనికి చెప్పిపెట్టినాను" అన్నాడు చివరికి. పాప తల వంచుకుని సరేనంది. ఆయనకు డ్యూటీ ఉండడంతో, క్రికెట్ తెలిసిన పెద్దమనిషిగా నేను తోడు వెళ్లాను. నన్ను నమ్మక అవ్వ కూడా వచ్చింది.

గ్రౌండ్ ఎంత పెద్దదంటే, పాప దాన్ని చూసి మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. ఒక్కొక్కరికి ఒక ఓవరు. పాప మొదటి బంతి వికెట్ కీపర్ తల మీదుగా పోయింది. రెండోది నోబాల్. మూడోది వేయకుండానే పరుగు మధ్యలో ఆగిపోయింది. కోచ్ మేడమ్ తర్వాతి అమ్మాయి వైపు చూడడం మొదలుపెట్టింది. నాకు మందుల షాపు కళ్ల ముందు కనబడింది. పరుగెత్తుకెళ్లి, ఏమైందమ్మా అన్నాను.

"గడప లేదన్నా" అంది పాప, ఏడుపు ఆపుకుంటూ. "యాడ ఎగరాలో కాళ్లకి తెలీలేదు."

అంత పెద్ద మైదానంలో గడప ఎక్కణ్ణుంచి తేవాలి? చంకలో బ్యాట్ ఉంది. (ఎవరైనా నన్ను కూడా ఆడమంటారేమోనని తెచ్చాను. ఎవరూ అనలేదు.) దాన్ని పాప పరుగుకు అడ్డంగా నేల మీద పెట్టాను. ఈలోగా అవ్వ క్రీజు గీతలు వేసే మనిషి దగ్గరికెళ్లి, అడక్కుండానే బకెట్‌లోంచి గుప్పెడు సున్నప్పొడి తీసుకుని, క్రీజుకు కొంచెం ఇవతల వంగి కూర్చుని కోలం మొదలుపెట్టింది. కోచ్ మేడమ్ తమిళంలో ఇదేమిటని గట్టిగా అడిగింది. నా తమిళం అప్పటికి టీ అడగడం వరకే వచ్చింది కనుక, ఉన్న మాటలన్నీ కలిపి, ఇల్లు, గడప, వంటిల్లు అని చేతులతో చూపించాను. ఆవిడకు ఏం అర్థమైందో గానీ నవ్వింది. మిగిలిన బంతులు వేయమంది.

"కోలం తొక్కినావంటే చూడు" అంది అవ్వ, చేతులు దులుపుకుంటూ.

పాప వెనక్కి నడిచి, బట్టలుతికే రాయి ఉండాల్సిన చోట ఆగి, కదిలింది. నా బ్యాట్ మీదుగా ఒక ఎగురు, కోలం మీదుగా ఇంకొకటి. అవతల అప్పటిదాకా బాగా ఆడుతున్న అమ్మాయి మధ్య స్టంపు ఎగిరిపోయింది. ఆ తర్వాతి బంతికీ అదే స్టంపు. ఆరో బంతికి మేడమ్ పాప ముఖం వైపు చూడడం మాని, కాళ్ల వైపే చూస్తోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఎండ మీద నెట్టలేదు.

ఆ పాప ఇప్పుడు దేశం తరఫున కొత్త బంతి అందుకుంటుంది. మధ్యలో పెద్ద పెద్ద కోచ్‌లు ఆ రెండు ఎగురులనూ మాన్పించాలని చూశారట. అవి పోతే వేగమూ పోయిందట. ఇక వాళ్లే దణ్ణం పెట్టి వదిలేశారు. టీవీలో నిపుణులు ఆ పరుగు మీద రంగు గీతలు గీసి, బాణాలు పెట్టి, అందులోని శాస్త్రం వివరిస్తుంటారు. "గీతలు సరిగా కలపలేదు" అంటుంది అవ్వ. డబ్బు వచ్చాక బస్సు మామ ఇల్లు కొత్తగా కట్టిస్తూ గడప తీసేద్దామంటే, పాప విదేశం నుంచి ఫోన్ చేసి ఆపింది.

మొన్న పాప ఊరొచ్చింది. నాకిప్పుడు కళ్లజోడు, పొట్ట, ప్రమోషన్ అన్నీ ఉన్నాయి. "అన్నా, ఆ బ్యాట్ ఉండాదా? తీసుకురా, ఒక్క బాల్" అంది. వద్దు తల్లీ అన్నాను గానీ, నా కాళ్లు అప్పటికే అటకెక్కడానికి స్టూలు వెతుకుతున్నాయి. సందు మొదట్లో, అదే ఇసుక డబ్బా ముందు నిలబడ్డాను. చీకటి తలుపు. బిందె చప్పుడు. కర్టెన్ కదిలింది. నేను కళ్లు మూసుకున్నాను. చేతుల్లో ఏదో జల్లుమంది. కళ్లు తెరిచేసరికి స్టంపులు నిలబడే ఉన్నాయి, బంతి నా పాదాల దగ్గర ఉంది.

"కొట్టినావే అన్నా" అంది పాప, తలుపు దగ్గర నవ్వుతూ.

ఇంటికొచ్చి చూసుకుంటే బ్యాట్ మధ్యలో గుండ్రంగా ఎర్రటి మచ్చ. అంతర్జాతీయ ఫాస్ట్ బౌలర్ బంతిని ఆపానని ఆఫీసులో అందరికీ ఫోటో చూపించాను. కదలకుండా నిలబడిన బ్యాట్‌కు సరిగ్గా మధ్యలో గురిపెట్టి బంతి వేయాలంటే ఎంత నేర్పు కావాలో మాత్రం వాళ్లకు చెప్పలేదు.