తాళం వేసిన పుస్తకంలో ఏముంది?

సుబర్ణరేఖ నది నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. ఆ నీటి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

పదేళ్ళ కిందట, జూన్ నెలలో, బారిడీహ్‌లో మనవాళ్ళు నడిపే తెలుగు గ్రంథాలయంలో గ్రంథపాలకుడిగా చేరాను. నిరుడు ముందుగానే ఉద్యోగ విరమణ తీసుకునేదాకా అక్కడే. చేరిన ఏడాదే కమిటీ తనంతట తాను ఒక తీర్మానం చేసింది: హాని చేసే పుస్తకాలను విడిగా బీరువాలో పెట్టి తాళం వేయాలి. రిజిస్టరులో వాటి నంబరు కింద ఎర్ర సిరాతో గీత గీస్తాం. కార్యదర్శి సంతకం చేసిన చీటీ లేనిదే బయటికి తీయం. చేతబడి చేసేవాళ్ళ గుర్తులు చెప్పే పాత పుస్తకం ఒకటి అలా లోపలికి పోయింది.

తాళం పడ్డాక దాని పేరు పెరిగింది. వెనక వీధిలో పార్వతి బిడ్డకు జ్వరం తగ్గలేదు. ఒంటరిగా ఉండే అప్పలనర్సమ్మే కారణమని, ఆవిడ గుర్తులన్నీ మా పుస్తకంలో ఉన్నాయని పార్వతి వీధంతా చెప్పింది. పుస్తకం చూసినవాళ్ళు లేరు, కాదనగలిగినవాళ్ళూ లేరు. ఆదివారం పంచాయితీ పెట్టి ఆవిడ చేత గది ఖాళీ చేయించాలనుకున్నారు.

శనివారం సాయంత్రం అప్పలనర్సమ్మే వచ్చింది. ఏం జరుగుతుందో చూడాలని వెనకే పార్వతి, ఇంకో పదిమంది.

"నాలో ఏటున్నాదని రాసినారో సదువు బాబూ. నానూ ఇంటాను."

ఆవిడ సభ్యురాలు కాదు. నిబంధన ప్రకారం దినపత్రిక తప్ప ఏదీ ఇవ్వకూడదు. అక్కడే కూర్చున్న కార్యదర్శి రమణారావు గారు రూలు రూలే భాయ్ అని చీటీ రాయనన్నారు. నేను బీరువా తీశాను. నా ఉద్యోగం మొత్తంలో అంత దర్జాగా తాళం తిప్పింది ఆ ఒక్కసారే.

గట్టిగా చదివాను. మొదటి గుర్తు, కలిసిన కనుబొమలు. అందరూ రమణారావు గారి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. రెండోది, తనలో తాను నవ్వుకోవడం. అది నాదే. మూడోది, దీపాలు పెట్టాక పెరుగు తోడు అడిగితే ఇవ్వకపోవడం.

అప్పలనర్సమ్మ పార్వతి వైపు తిరిగింది. "దీపమెట్టాక తోడు నువ్విత్తావేటే?"

"మాయత్త ఇవ్వద్దన్నాది," అంది పార్వతి.

"మాయత్తా అదే అన్నాది. ముందు బిడ్డని ఆస్పత్రికి అట్టుకెల్లు."

పంచాయితీ జరగలేదు. అప్పలనర్సమ్మ ఇప్పటికీ అదే గదిలో ఉంటోంది. సోమవారం నాకు మెమో అందింది. దాన్ని పటం కట్టించి, ఇంటికొచ్చిన చుట్టాలకు చూపిస్తుంటాను.

హాని చేసే పుస్తకాలు లేవని నేననను. ఆ పుస్తకాన్ని పిల్లల అరలో పెట్టను. కానీ నలుగురి మధ్య బల్ల మీద విప్పితే అందులో ఉన్నదే ఉంటుంది. తాళం వేస్తే, లేనిదంతా చేరుతుంది.

ఒట్టు వేశాను కనుక ఒక మాట చెప్పాలి. కమిటీ తనంతట తాను తీర్మానం చేసిందన్నది నా కల్పన. బీరువా కావాలని అర్జీ రాసిందీ, సాక్చి బజారుకు వెళ్ళి ఆ తాళం కొన్నదీ నేనే.