కరుణమ్మక్క చెవికి చేరిన వెబ్ పేజీ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మైపాడు పక్క పల్లెలో పడవ మీద బతికిన నాకు దేవుడు చేసిన మేలు చెప్పుకోకుండా ఉండలేను. మూడేళ్ల కిందట పడవ ఇంజను బెల్టులో కుడిచెయ్యి పడి మూడు వేళ్లు పోయాయి. వల పట్టలేను, తాడు లాగలేను, అన్నం కలిపి పెట్టాలన్నా నా భార్య శాంతే దిక్కు. పొద్దంతా గడప మీద కూర్చుని వేటకు వెళ్లేవాళ్లను చూసి ఏడ్చేవాడిని, పలకరించినవాళ్లను కసిరేవాడిని. నేనింక ఎవరికీ పనికిరానని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

"ప్రభువా, వేళ్లు ఇవ్వకపోతే పోనీ, ఒక పని ఇవ్వు" అని మొరపెట్టాను. ఆ వారమే మా పాస్టరుగారు పిలిచి, మందిరం గదిలో దుమ్ముపట్టిన కంప్యూటరు చూపించి, "నేర్చుకో నాయనా" అని తాళం ఇచ్చారు. నేర్పేవాళ్లు లేరు, నా ఇంగ్లీషు అంతంతమాత్రం. వీడియోలు చూస్తూ, ఎడమచేత్తో ఒక్కో అక్షరమే నొక్కుతూ బొమ్మలు చెయ్యడం, పేజీలు కట్టడం నేర్చుకుని ఆరు నెలలకు మా సంఘానికి వెబ్ పేజీ తయారుచేశాను. ఫ్లెక్సీలు చూసి పెరిగిన కళ్లు కదా, అచ్చం ఫ్లెక్సీలాగే చేశాను: బంగారు అంచు, పావురాలు, మధ్యలో ఆ వారం వాక్యం, ప్రార్థన. తెలుగు అక్షరాలు చెదరకూడదని రాతనంతా బొమ్మలోనే కలిపేశాను. అందరూ మెచ్చుకుంటుంటే నా కాళ్లు భూమ్మీద నిలవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కరుణమ్మక్క నన్ను ఆపింది. ఆమెకు చూపు లేదు, ఫోను చదివి వినిపిస్తే వింటుంది.

"ఏంది తమ్ముడూ, నీ పేజీ తెరిస్తే నా ఫోను బొమ్మ, బొమ్మ అంటా ఉంది గానీ ఒక్క ముక్క చదవలా. వాక్యం నాకు లేదా?" అనింది.

కోపం వచ్చింది సహోదరులారా, దాచను. "నీ ఫోను మంచిది కాదక్కా" అనేసి ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు. లోకం నన్ను పక్కన పెట్టిందని ఏడ్చిన నేనే అక్కను వాకిట్లో నిలబెట్టానని పరిశుద్ధాత్మ దేవుడు గద్దించాడు. "తండ్రీ, నా గర్వం తీసెయ్యి, నాకు సరిగా నేర్పు" అని మోకరించి ఏడ్చాను.

మర్నాడు మళ్లీ అక్షరాభ్యాసం. వెబ్ పేజీలకు లోకమంతా ఒప్పుకున్న ప్రమాణాలు ఉన్నాయని అప్పుడు తెలిసింది: రాత రాతగానే ఉండాలి, శీర్షికను శీర్షికగా గుర్తు పెట్టాలి, బొమ్మ ఉంటే అదేమిటో మాటల్లో చెప్పాలి. పేజీల్లో తప్పులు పట్టే వెబ్‌సైటులో పరీక్షకు పెడితే నా పేజీ నిండా తప్పులే. పావురాలు ఎగిరిపోయాయి, బంగారు అంచు ఊడింది, ఒక్కొక్క తప్పే దిద్దుకుంటూ వెళ్లాను. ఒక్కటీ మిగల్లేదని తెర మీద కనబడిన రోజు నేను వేసిన స్తోత్రం కేకకు పాస్టరమ్మగారు మందిరం పక్కనే ఉన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. ఆమె ఫోను వాక్యం మొదలు ఆమేన్ దాకా చదివింది. అక్క, "ఎవరన్నా వచ్చి చదివిపెట్టేదాకా కాసుకోనుండేదాన్ని. ఈ దినం నా అంతట నేనే వినుకున్నా తమ్ముడూ" అనింది. ఆ మాటతో నాలోని చీకటి పారిపోయింది, దేవునికే మహిమ!

ఇప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు సంఘాలు కూడా నన్ను పిలుస్తున్నాయి. ఏ పేజీ చేసినా ముందు కరుణమ్మక్కే వింటుంది, ఇంకా తప్పులు పడుతూనే ఉంది. కృంగిపోయి కూర్చున్న అన్నా, అక్కా, ఒక్కసారి ఆయనను అడిగి చూడండి. మీ వల్ల కాదనుకున్న పనిలోనే మీకోసం ఎదురుచూసేవాళ్లను ఆయన చూపిస్తాడు. ఆమేన్.